ఇంగ్లిష్ ఆడియో వేగం తగ్గించడం: నా అనుభవం

ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ సంభాషణ వినిపిస్తే, మొదటి వాక్యం అర్థమయ్యేలోపు మూడోది దాటిపోయేది. ఆపి ఆపి వినిపించాను, నేనే చదివాను, స్పీకరు మార్చాను, ఫలితం లేదు.

చివరికి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో కుదిరింది. ఉచితం, ఓపెన్ సోర్స్. బడిలోని పాత కంప్యూటర్‌లోనూ నడిచింది. ఫైలు తెరిచి, కంట్రోల్-ఎ నొక్కి మొత్తం ఎంచుకున్నాను. ఎఫెక్ట్ మెనూలో ‘ఛేంజ్ టెంపో’ తెరిచి శాతం గడిలో -15 ఇచ్చాను. ‘ఛేంజ్ స్పీడ్’ జోలికి వెళ్లకండి, అందులో గొంతు కూడా మారుతుంది. నేను మొదట అదే నొక్కాను. పాఠంలోని అమ్మాయి కుంభకర్ణుడిలా పలికింది, ఆ పీరియడ్ నవ్వులతోనే గడిచింది.

తర్వాత ప్రతి వాక్యం చివర, తెరపై ధ్వనిని చూపే అలల గీత సన్నబడి చదునైన చోట క్లిక్ చేసి, జనరేట్ మెనూలోని ‘సైలెన్స్’తో 4 సెకన్ల విరామం పెట్టాను. ఆ ఖాళీలో పిల్లలు వాక్యాన్ని తిరిగి పలుకుతారు. వేగం తగ్గించాకే విరామాలు పెట్టాలి. ముందే పెడితే అవీ సాగుతాయి. చివరగా ఎంపీ3గా ఎగుమతి చేశాను.

-25 ఇస్తే మాటలు వెగటుగా సాగాయి. మూడు వారాల తర్వాత -5కు తెచ్చాను. ఇదంతా ఒక్క తరగతి అనుభవమే. పదాలే తెలియని పిల్లలకు వేగం తగ్గించినా ఉపయోగం ఉండకపోవచ్చు.