ఆర్డర్లు తగ్గే నెలల్లో సైకిల్ డెలివరీకి ముందు జాగ్రత్తలు

హైదరాబాదులో కార్తీక మాసం రాగానే చాలా ఇళ్లలో మాంసాహారం మానేస్తారు, సంక్రాంతికి నగరంలో ఎంతోమంది సొంతూళ్లకు తరలిపోతారు. కనుక ఆ రోజుల్లో సైకిల్ మీద భోజనం చేరవేసేవారు డెలివరీ యాప్‌లో లాగిన్ కాకముందే కొన్ని విషయాలు చూసుకోవాలి.

బిర్యానీ హోటళ్ల ముందు గంటలకొద్దీ కాచుకునే బదులు, టిఫిన్ సెంటర్లు, శాకాహార భోజనశాలలు దగ్గరదగ్గరగా ఉన్న కూడలిని ఎంచుకోవడం మేలు. ఖాళీగా తిరిగితే పెట్రోలు ఖర్చు కాదన్నది నిజమే గాని, బంజారాహిల్స్ ఎత్తు ఒక్కసారి ఎక్కితే ఆ లెక్క కాళ్లకు తెలుస్తుంది. యాప్ అదనంగా ఇచ్చే ప్రోత్సాహక మొత్తానికి ఎన్ని ఆర్డర్లు కావాలో ముందే చదివి, అందే అవకాశం లేదనిపిస్తే దాని కోసం రాత్రి పొద్దుపోయేదాకా తొక్కకూడదు.

సంక్రాంతి రోజుల్లో అసలు ప్రమాదం గాలిపటాలకు కట్టే పదునైన దారం, మాంజా. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా అది ఇంకా గాలిలో వేలాడుతూనే ఉంటుంది కాబట్టి, మెడ చుట్టూ మందపాటి గుడ్డ చుట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని, మెల్లగా వెళ్లాలి. రోడ్లు ఖాళీ అయినప్పుడు కార్ల వేగం పెరుగుతుంది. వెనుక ఎర్ర దీపం, ముందు తెల్ల దీపం వెలుగుతున్నాయో లేదో చూడాలి.

పండుగకు పంక్చర్ దుకాణాలు మూసి ఉంటాయి. అందువల్ల అతుకుల సామాను, చిన్న పంపు సంచిలో ఉంచుకుని, బ్రేకు రబ్బర్లను, టైరు పక్కన ముద్రించిన అంకె ప్రకారం గాలిని ముందురోజే సరిచూసుకోవాలి.