ఓట్స్‌తో పొద్దుటి తీపి – 3వ పాఠం: చాక్లెట్ కేకు రుచి

పోయిన పాఠం చూసి ఓట్స్‌ను ‘ఆపిల్ పై’ (ఆపిల్ ముక్కలు కూరి కాల్చే తీపి వంటకం) రుచితో చేసినవాళ్లలో చాలామందికి అవి జిగురుజిగురుగా వచ్చాయి. కొందరికి పాలు విరిగాయి. చాక్లెట్ జోలికి వెళ్లేముందు ఈ రెండూ తేల్చుకుందాం, లేకపోతే ఇవాళా అదే జరుగుతుంది.

పాలు విరగడానికి కారణం ఆపిల్‌లోని పులుపు. ముక్కల్ని విడిగా వెన్నలో మగ్గించి, ఓట్స్ దించాక పైన వేసుకోండి. అంతే.

జిగురు సంగతి అంత తేలిగ్గా తేలదు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది. అది వేడినీళ్లలో కరిగి చిక్కబడుతుంది, గింజలోని పిండి కూడా ఉబ్బుతుంది. మనకు నచ్చే చిక్కదనమంతా వీటివల్లే. అయితే గరిటె ఆపకుండా తిప్పితే రేకులు చితికి, లోపలి పిండంతా బయటికొచ్చి బంకలా తయారవుతుంది. ఇన్‌స్టంట్ ఓట్స్ ముందే పలచగా, చిన్నగా నలిగి ఉంటాయి కాబట్టి ఇంకా త్వరగా పాడవుతాయి. ఈ పాఠాలు రోల్డ్ ఓట్స్‌కే, అంటే ఆవిరి పట్టి రేకుల్లా నొక్కిన మామూలు ఓట్స్‌కే. అడుగంటకుండా నాలుగైదుసార్లు కలిపితే చాలు.

ఇంకొకటి, పొయ్యి మీదే గట్టిపడేదాకా ఉంచకండి. గరిటెతో అడుగున గీత గీయండి. గీత నెమ్మదిగా మూసుకుపోతుంటే దించేయాలి. అలాగే నిలబడిపోయిందంటే ఆలస్యమైనట్టే, కాసిన్ని వేడిపాలు పోయండి. దించాక కూడా ఓట్స్ నీళ్లు పీలుస్తూనే ఉంటాయి.

ఇక చాక్లెట్. అర కప్పు ఓట్స్, అంటే సుమారు 40 గ్రాములు. అర కప్పు నీళ్లు మరిగించి, ఓట్స్ వేసి, ఒక పొంగు వచ్చాక అర కప్పు పాలు పోసి మంట తగ్గించండి. పాలు ముందే పోస్తే అడుగంటుతుంది.

కోకో పొడిని మాత్రం దయచేసి మరుగుతున్న గిన్నెలో చల్లకండి. ఇది ఎంత చెప్పినా చేస్తూనే ఉంటారు. పొడి వేడి తగలగానే ఉండ కడుతుంది, దాని పైపొర తడిసి ఉబ్బి మూసుకుపోతుంది, లోపలికి నీళ్లు దిగవు. అలాంటి ఉండ ఒకటి తీసి చెంచాతో నొక్కి చూడండి: బయట నల్లగా నిగనిగలాడుతుంది, లోపల ఎండు పొడి. ఆ ఉండలు చిదపాలని ఆపకుండా తిప్పుతారు, ఓట్స్ మళ్లీ బంకవుతాయి. జల్లించి వేసినా అంతే, కొంచెం కొంచెంగా చల్లినా అంతే. చేయాల్సింది ఇది: చిన్న కప్పులో ఒక పెద్ద చెంచా కోకో, ఒక పెద్ద చెంచా చక్కెర, చిటికెడు ఉప్పు పొడిగానే కలపండి. చక్కెర పలుకులు కోకో రేణువుల మధ్య దూరి వాటిని విడదీస్తాయి. అప్పుడు రెండు పెద్ద చెంచాల వేడినీళ్లు పోసి, చెంచా వెనుకవైపుతో కప్పు గోడకేసి మెదపండి. మెరిసే ముద్ద అయ్యాక దించేముందు ఓట్స్‌లో వేసి రెండుసార్లు కలపండి. దాల్చినచెక్క పొడికీ ఇదే పద్ధతి, లేకపోతే పైన తేలుతూ కూర్చుంటుంది.

ఉప్పు మానకండి, కోకో చేదును అదే అదుపులో పెడుతుంది. నేనైతే ముద్దలో చిటికెడు కాఫీ పొడి కూడా వేస్తాను, చాక్లెట్ రుచి ముదురుతుంది. వెనిల్లా దించాకే, మరుగుతుంటే వాసన ఆవిరైపోతుంది. డార్క్ చాక్లెట్ ముక్క పైన పెట్టి వదిలేయండి. కలిపేస్తే కేకు కొరికిన రుచి రాదు.

అభ్యాసం: రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి ఇవే కొలతలతో చేయండి. ఒకదాంట్లో కోకో నేరుగా చల్లి ఉండలు పోయేదాకా తిప్పండి, రెండోదాంట్లో ముద్ద వేయండి. దించగానే ఒకసారి, 5 నిమిషాలకు ఒకసారి, 10 నిమిషాలకు ఒకసారి రెండింటినీ రుచి చూసి, చెంచా నుంచి ఎలా జారుతున్నాయో రాసుకోండి. వచ్చే పాఠంలో క్యారెట్ కేకు రుచి. తురుము తన నీళ్లు తాను వదులుతుంది, అక్కడ నీళ్లు ఎంత తగ్గించాలో ఈ రాతను బట్టే లెక్క కడతాం.