టైరు సైజు తప్పితే బండి ఎలా చెబుతుంది: లక్షణం, కారణం, పరిష్కారం

పెద్ద టైర్లు వేయించిన నెల రోజులకు మెకానిక్ దగ్గరికి వచ్చే ఫిర్యాదులు చాలావరకు టైర్ల పేరుతో రావు. మైలేజీ పడిపోయిందంటారు, బ్రేకు సరిగా పట్టడం లేదంటారు, గేరుబాక్సులో ఏదో తేడా ఉందంటారు. ఒక్కో ఫిర్యాదుకు ఒక్కో పార్టు మార్చుకుంటూ పోతారు. మూలం మాత్రం టైరు పక్కన అచ్చు వేసి ఉన్న ఆ మూడు అంకెల్లోనే ఉంటుంది. వారమంతా తారురోడ్డు మీద తిరిగి, సెలవు రోజున మట్టిదారి, రాళ్లదారి ఎక్కే బండికి ఏ సైజు తప్పయితే ఏ ఇబ్బంది వస్తుందో, దాన్ని ఎలా సరిచేసుకోవాలో ఇక్కడ చెబుతాను.

ముందు ఆ అంకెలు చదవడం రావాలి. 265/70ఆర్17 అంటే టైరు వెడల్పు 265 మి.మీ., సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం (అంటే 185.5 మి.మీ.), రిమ్ 17 అంగుళాలు. రిమ్ అంగుళాలను 25.4తో గుణించి, దానికి రెండు సైడ్‌వాళ్లు కలిపితే టైరు మొత్తం ఎత్తు 803 మి.మీ. వస్తుంది, అంటే దాదాపు 31.6 అంగుళాలు. ఇదే రిమ్ మీద చాలామంది వేయించే 285/70ఆర్17 ఎత్తు 831 మి.మీ. పెరుగుదల 3.5 శాతం. కింది లెక్కలన్నీ ఈ జంట మీదే చెబుతాను. మీ బండి కొలతలు వేరైనా పద్ధతి ఇదే.

సమస్య: స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు ఎక్కడో రాసుకుంటోంది

ఇది నా బండికే జరిగింది. షాపులో టైర్లు బిగించాక స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి చూశాం, ఎక్కడా తగల్లేదు. మూడో రోజు రివర్స్ తీస్తుంటే ఎడమ ముందు చక్రం గుంతలోకి దిగింది, బర్రుమని చప్పుడు వచ్చింది. దిగి వంగి చూస్తే వీల్ ఆర్చ్ లోపలి ప్లాస్టిక్ మీద, వెనక మూల కింది భాగంలో, అరచేయంత మేర నల్లగా నున్నగా మెరుస్తోంది. వేలితో తుడిస్తే రబ్బరు పొడి అంటుకుంది. చదునైన నేల మీద చక్రాలు తిప్పి చూస్తే పరీక్ష సగమే అయినట్టని అప్పుడు తెలిసింది.

టైరు మూడు రకాలుగా జాగా మింగుతుంది. ఎత్తు 28 మి.మీ. పెరిగితే అందులో సగం, అంటే 14 మి.మీ., ముందువైపూ వెనకవైపూ ఆర్చ్‌కు దగ్గరవుతుంది. వెడల్పు 20 మి.మీ. పెరిగితే లోపలికి 10, బయటికి 10. మూడోది రిమ్ ఆఫ్‌సెట్ (రిమ్ వెడల్పు నడిమి నుంచి బండికి బిగించే ముఖం దాకా దూరం, ఈటీ పక్కన మి.మీ.లో రాస్తారు), ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. ఈటీ35 రిమ్ తీసి ఈటీ10 వేస్తే చక్రం 25 మి.మీ. బయటికి జరుగుతుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు గీసే వంపు పెద్దదై బంపర్ మూలకో, ఆర్చ్ వెనక అంచుకో తగులుతుంది. చాలాసార్లు టైరు సైజు సరిపోయేదే, కొత్త రిమ్ వల్ల రాసుకుంటుంది.

ఏది కారణమో తేల్చడానికి రాసుకున్న చోటు చూస్తే చాలు. బంపర్ మూలలోనో ఆర్చ్ బయటి అంచులోనో గుర్తు ఉంటే ఆఫ్‌సెట్‌ను అనుమానించండి. ఆర్చ్ పైకప్పులో ఉంటే టైరు ఎత్తు ఎక్కువై, సస్పెన్షన్ కుదించుకున్నప్పుడు తగులుతోందని అర్థం. లోపలివైపు కంట్రోల్ ఆర్మ్ మీదో, లీఫ్ స్ప్రింగ్ మీదో ఉంటే వెడల్పు ఎక్కువైంది. లోపలివైపు తగులుతున్నప్పుడు బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు ఎంత దూరంలో ఉన్నాయో ఆ రోజే చూడండి. ప్లాస్టిక్ అరిగితే చప్పుడు వస్తుంది కాబట్టి తెలుస్తుంది, బ్రేకు గొట్టం అరిగితే అలా ముందుగా తెలియదు.

ఇక్కడ డబ్బు వృథా అయ్యే పొరపాటు ఒకటుంది. రాసుకుంటోంది కదా అని సస్పెన్షన్ లిఫ్ట్ చేయిస్తారు. పైకప్పుకు తగులుతుంటే లిఫ్ట్ పనిచేస్తుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు ముందూ వెనకా తగిలేదానికి లిఫ్ట్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే అక్కడి దూరం అడ్డంగా కొలవాల్సింది. దానికి పాత ఆఫ్‌సెట్‌కు దగ్గరగా ఉన్న రిమ్‌కు తిరిగి రావాలి, లేదా లైనర్‌ను (ఆర్చ్ లోపలి ప్లాస్టిక్‌ను) వేడిచేసి వెనక్కి నొక్కాలి, అదీ చాలకపోతే ఒక సైజు తగ్గాలి. అమర్చాక పరీక్షించేటప్పుడు ముందు చక్రం ఒకటీ, దానికి ఎదురు మూల వెనక చక్రం ఒకటీ గట్టు మీదకు ఎక్కించి, నెమ్మదిగా స్టీరింగ్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పండి, ముందుకూ వెనక్కూ కూడా. షాపు నుంచి బయటికి రాకముందే ఈ పని చేయించుకోండి.

సమస్య: మైలేజీ ఒక్కసారిగా పడిపోయింది

మీటరు చెప్పే లెక్కను నమ్మకండి. కిలోమీటర్ల మీటరు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో దాన్నిబట్టి దూరం లెక్కిస్తుంది. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది, ఆ సంగతి మీటరుకు తెలియదు. మీటరు 400 కి.మీ. చూపిస్తే బండి నిజంగా 414 కి.మీ. తిరిగింది. 35 లీటర్లు పట్టిందనుకుంటే, మీటరు ప్రకారం లీటరుకు 11.4, నిజానికి 11.8. ఇదివరకు 12 వస్తుంటే, మీరు కంగారుపడ్డ తగ్గుదలలో మూడింట రెండు వంతులు అసలు జరగనే లేదు. చాలామంది ఈ ఒక్క లెక్క వేయక ఇంజెక్టర్లు కడిగిస్తారు, ఫిల్టర్లు మారుస్తారు.

కొలవడం తేలిక. ఫోనులో జీపీఎస్ పెట్టుకుని ఆగకుండా 10 కి.మీ. నడిపి, మీటరు ఎంత చూపిందో రాసుకోండి. ఆ నిష్పత్తితో ఇకమీదట మీ మైలేజీని సవరించుకోండి. వేగం కూడా అలాగే సరిచూసుకోండి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదు. అందుకే కంపెనీ టైర్లతో అది సాధారణంగా కొంచెం ఎక్కువే చూపుతుంది. పెద్ద టైరు వేయగానే ఆ మార్జిన్ కరిగిపోతుంది, మీటరులో 100 ఉన్నప్పుడు అసలు వేగం అంతకు మించి ఉండవచ్చు. సర్వీసు గడువు కూడా జరుగుతుంది, మీటరు 10,000 అనేసరికి బండి 10,350 కి.మీ. దాకా తిరిగి ఉంటుంది.

ఈ సవరణ తర్వాత కూడా తగ్గుదల మిగిలితే అది నిజమైనది, దానికి కారణం ఎక్కువగా బరువు. ఎల్‌టీ రకం, అంటే బరువులు మోసే బళ్ల కోసం చేసిన మందపాటి టైరుకూ, మామూలు ప్యాసింజర్ టైరుకూ ఒక్కోదానికి నాలుగైదు కిలోల తేడా రావడం మామూలే. ఆ బరువు చక్రం అంచున తిరుగుతుంది కాబట్టి, అదే బరువు డిక్కీలో పెట్టినప్పటికన్నా ఇంజన్‌కు ఎక్కువ భారం. తరచుగా ఆగి బయల్దేరే రోడ్లలో ఇది బాగా తెలుస్తుంది. ఎంటీ (మడ్ టెర్రెయిన్, అంటే బురద కోసం చేసిన) టైర్ల పెద్ద గుబ్బలు తారు మీద ఇంకా ఇంధనం తాగిస్తాయి. రోజూ తారు మీదే తిరిగే బండికి ఏటీ (ఆల్ టెర్రెయిన్, అంటే అన్ని దారులకూ పనికొచ్చే) రకం చాలన్నది నా గట్టి అభిప్రాయం.

సమస్య: పికప్ మందగించింది, ఆటోమేటిక్ గేరు పైకీ కిందికీ ఊగుతోంది, బ్రేకు ఎక్కువ తొక్కాల్సి వస్తోంది

మూడింటికీ మూలం ఒకటే. టైరు ఎత్తు 3.5 శాతం పెరిగితే గేరు నిష్పత్తి అంతమేర బరువెక్కుతుంది. యాక్సిల్ గేరు నిష్పత్తి 3.73 ఉంటే అది 3.60లా ప్రవర్తిస్తుంది. ఈ మాత్రానికి చాలా ఇంజన్లు తట్టుకుంటాయి. అదే 35 అంగుళాలకు పోతే 3.73 కాస్తా 3.37లా మారుతుంది. అప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు గేరు నిలవదు, గేరుబాక్సు నూనె వేడెక్కుతుంది. దానికి అసలైన మందు యాక్సిల్ గేర్లు 4.10కి మార్చడం. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందూ వెనకా రెండూ మార్చాలి, ఖర్చు ఎక్కువే. బ్రేకు విషయంలోనూ అంతే: చక్రం పెద్దదైన కొద్దీ అదే బ్రేకు నేల దగ్గర తక్కువ బలంతో పట్టుకుంటుంది, ఆపాల్సిన బరువేమో పెరిగింది. కొత్త ప్యాడ్లు వేసినా ఆ తేడా పోదు. అందుకే రోజువారీ బండికి కంపెనీ ఎత్తు కన్నా 3 శాతం లోపే పెంచమంటాను.

సమస్య: స్టీరింగ్ చెప్పిన మాట వినడం లేదు, వానలో బండి తేలుతోంది

వెడల్పు ఎక్కువైంది. రోడ్డు మీద లారీలు చేసిన గాడి ఎటు పోతే వెడల్పాటి టైరు అటు లాగుతుంది. నీళ్లు నిలిచిన చోట నీటిని పక్కకు నెట్టాల్సిన వెడల్పు పెరుగుతుంది కాబట్టి, తక్కువ వేగానికే నీటి మీదకెక్కి పట్టు వదిలేస్తుంది. ఆఫ్‌సెట్ తగ్గించిన రిమ్ కూడా తోడైతే ప్రతి గుంతా స్టీరింగ్‌ను చేతిలోంచి విదిలిస్తుంది, హబ్ బేరింగుల మీద భారం పెరుగుతుంది. రిమ్ వెడల్పూ చూడండి: 265/70ఆర్17కు 7 నుంచి 9 అంగుళాల రిమ్ సరిపోతుంది, 285/70ఆర్17కు కనీసం 7.5 కావాలి. ఇరుకు రిమ్‌లో వెడల్పు టైరు ఇరికిస్తే నడుమ ఉబ్బి అక్కడే అరుగుతుంది.

80 కి.మీ. దరిదాపుల్లో మాత్రమే వణుకు వస్తే అది సైజు గొడవ కాదు. బ్యాలెన్సింగ్ చేయించండి, కొత్త రిమ్ నడిమి రంధ్రం హబ్‌కు సరిగా కూర్చుందో లేదో చూడండి.

సమస్య: ప్రతి గతుకూ నడుముకు తగులుతోంది

ఎల్‌టీ టైరు వేసి, సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠ గాలి పట్టిస్తే ఇలాగే ఉంటుంది. లోడ్ రేంజ్ ‘ఈ’ (E) అని రాసిన టైరు 80 పీఎస్ఐ దాకా తట్టుకుంటుంది, కానీ అది నిండు బరువుకు చెప్పిన మాట. అలాగని డోరు స్టిక్కరు మీదున్న పాత అంకె కూడా కుదరదు, ఎందుకంటే అదే బరువు మోయడానికి ఎల్‌టీ టైరుకు కొంచెం ఎక్కువ గాలి కావాలి. టైరు కంపెనీ బరువు పట్టికలో మీ బండి బరువుకు కావాల్సిన కనీస గాలి చూసి, టైరు చల్లగా ఉన్నప్పుడు అక్కడి నుంచి మొదలుపెట్టండి. సుద్దముక్కతో టైరు మీద అడ్డంగా మందపాటి గీత గీసి, చదునైన రోడ్డు మీద కొన్ని గజాలు నేరుగా నడపండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ, మొత్తం సమానంగా చెరిగితే సరిపోయింది. ఎంత సర్దినా పట్టిక చెప్పిన కనీసం కన్నా కిందికి దిగకండి.

సైజు పక్కనే ఉన్న లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు చెప్పే అంకె) కూడా చదవండి. 112 అంటే టైరుకు 1120 కిలోలు, 115 అంటే 1215, 121 అంటే 1450. కంపెనీ ఇచ్చినదానికన్నా తక్కువది ఎంత చవగ్గా దొరికినా వద్దు. బండికి అవసరం లేని 121 కోసం రోజూ నడుము నొప్పి పడటమూ వద్దు.

సమస్య: పెద్ద టైర్లే, అయినా ఇసుకలో కూరుకుపోతోంది, రాళ్ల మీద రిమ్ దెబ్బతింటోంది

టైరు బయటి ఎత్తు చూసి కొన్నారు, సైడ్‌వాల్ చూడలేదు. 265/70ఆర్17, 265/65ఆర్18, 265/55ఆర్20: ఈ మూడింటి మొత్తం ఎత్తులో తేడా 4 మి.మీ. కూడా ఉండదు. సైడ్‌వాల్ మాత్రం 185 నుంచి 172కి, అక్కడి నుంచి 146కి పడిపోతుంది. ఇసుకలో గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించినప్పుడు నేలకు తగిలే అచ్చు వెడల్పు కన్నా పొడవునే ఎక్కువగా పెరుగుతుంది, ఆ పొడవే బండిని తేల్చి నడిపిస్తుంది. అలా సాగడానికి సైడ్‌వాల్ ఉండాలి. 20 అంగుళాల రిమ్ మీద అంత గాలి తీసి రాయి ఎక్కిస్తే రిమ్ అంచు వంగుతుంది. రిమ్ మార్చే ఆలోచన ఉంటే, మీ బ్రేకు కాలిపర్‌కు తగలనంత చిన్న రిమ్‌కు దిగండి. బయటికి వచ్చి తారు ఎక్కే ముందు గాలి మళ్లీ పట్టించాలి, ఇందుకు చిన్న కంప్రెసర్ బండిలోనే ఉంచుకోవాలి.

కింద గట్టి నేల ఉన్న బురదలోనైతే ఎత్తుగా, ఇరుకుగా ఉన్న టైరే మేలు, అది కోసుకుని కిందికి దిగి నేలను పట్టుకుంటుంది. రోజువారీ వాడకానికి నేను ఎక్కువగా చెప్పేది ఈ తరహాదే: 265/70ఆర్17 బదులు 255/75ఆర్17. ఎత్తు 814 మి.మీ., పెరుగుదల ఒకటిన్నర శాతం లోపే, వెడల్పు 10 మి.మీ. తక్కువ. సైడ్‌వాల్ 191కి పెరుగుతుంది, ఆర్చ్‌కు తగిలే భయం తక్కువ, వానలోనూ నిలకడగా ఉంటుంది. చూడటానికి 285 అంత దిట్టంగా ఉండదు, నిజమే. అయినా నాకు ఇదే కావాలి.

సమస్య: ఫోర్ వీల్ వేస్తే కింద నుంచి బిగుసుకున్నట్టు చప్పుడు

నాలుగు టైర్ల చుట్టుకొలత ఒకటిగా లేదు. రెండు కొత్తవి, రెండు పాతవి ఉంటే సైజు అంకె ఒకటే అయినా ఎత్తు ఒకటి కాదు. ట్రెడ్ 8 మి.మీ. అరిగితే టైరు ఎత్తు 16 మి.మీ. తగ్గుతుంది, అది 2 శాతం. ఫుల్‌టైమ్ (నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందే) ఫోర్ వీల్ బండిలో నడిమి డిఫరెన్షియల్ ఆ తేడాను సర్దుతూ రోజంతా వేడెక్కుతుంది. పార్ట్‌టైమ్ (లివర్ వేస్తేనే ఫోర్ వీల్ అయ్యే) బండిలోనైతే పొడిరోడ్డు మీద ఫోర్ వీల్ వేయనే కూడదు, టైర్లు సమానంగా ఉన్నా సరే. కంపెనీలు మారినా ఇదే గొడవ, ఒకే అంకె వేసిన రెండు టైర్లు పక్కపక్కన నిలబెడితే ఎత్తు తేడా కంటికే కనిపించవచ్చు.

కాబట్టి టైర్లు కొంటే స్టెప్నీతో కలిపి అయిదు కొనండి, అయిదింటినీ వరుస మార్చి వాడండి. కొత్త సైజు స్టెప్నీ దాని చోటులో పడుతుందో లేదో ముందే చూసుకోండి. బండి కింద వేలాడదీసే రకమైతే సైలెన్సర్‌కు తగలవచ్చు, వెనక తలుపుకు బిగించే రకమైతే పెరిగిన బరువుకు తలుపు కబ్జాలు కుంగుతాయి. అయిదోది కొనలేక పాత చిన్న స్టెప్నీనే ఉంచుకుంటే, పంక్చర్ పడ్డప్పుడు దాన్ని ముందు యాక్సిల్‌కు వేయండి, వెనక పంక్చర్ అయితే ముందు చక్రం ఒకటి తీసి వెనక్కి మార్చండి. ఫోర్ వీల్ లివర్ ముట్టకుండా టూ వీల్‌లో నెమ్మదిగా దగ్గర్లోని పంక్చర్ షాపు దాకా వెళ్లండి. ఫుల్‌టైమ్ బండికి ఈ వెసులుబాటు కూడా లేదు, దానికి అయిదో టైరు అదే సైజుది ఉండి తీరాలి.