విదేశంలో ఉంటూ నల్గొండ, పాలమూరు వైపు ప్లాటు కొనేవాళ్లకు

ఊర్లో గజం రేటు డబుల్ అయిందని ఫోన్లో వినగానే అడగాల్సిన మాట ఒకటుంది. అది చెప్పిన రేటా, డబ్బు చేతులు మారిన రేటా? జడ్చర్ల, భూత్పూర్, చిట్యాల, చౌటుప్పల్ వైపు వెంచర్లలో ఈ రెండింటికీ పొంతన ఉండదు. ఏజెంటు చెప్పేది కొత్త ప్లాటు అమ్మే ధర. దీన్ని తేల్చడానికి ఇద్దరు బంధువులు చాలు. ఒకరు ఆ వెంచర్లో రీసేల్ ప్లాటు కావాలని అడగాలి. ఇంకొకరు వేరే ఏజెంటుకి ఫోన్ చేసి, అదే వెంచర్లో మా ప్లాటు అమ్మిపెడతారా, ఎంత వస్తుంది, ఎన్నాళ్లు పడుతుంది అని అడగాలి. రెండో జవాబే మీ అసలు ధర. వెంచర్ వేసి అయిదారేళ్లయినా ఒక్క ఇల్లూ లేవలేదంటే అక్కడ కొన్నవాళ్లంతా మీలాగే ఇంకొకరికి అమ్ముదామని చూస్తున్నవాళ్లే.

తర్వాత రూపాయి లెక్క. 2010లో డాలరు సుమారు 45 రూపాయలు, 2024లో 83 దాటింది. 2010లో 10 లక్షలకు కొన్న ప్లాటును 2024లో 20 లక్షలకు అమ్మారనుకోండి. ఊర్లో అది రెట్టింపు. డాలర్లలో 22 వేల చిల్లర పెట్టి 24 వేలు తెచ్చుకున్నట్టు, అదీ పన్ను, రిజిస్ట్రేషన్ ఖర్చు తీయకముందు. దిర్హం, సౌదీ రియాల్ డాలరుతో ముడిపడి ఉన్నాయి కాబట్టి గల్ఫ్‌లో ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. రిటైరయ్యాక మిర్యాలగూడలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉండాలనుకునేవాళ్లు మాత్రం దీన్ని పట్టించుకోనక్కర్లేదు, వాళ్ల ఖర్చంతా రూపాయల్లోనే కదా. ఇల్లు కొని అద్దెకిచ్చే ఆలోచన ఉంటే ఏడాది అద్దెను ధరతో భాగించండి. 60 లక్షల ఇంటికి నెలకు 10 వేలు వస్తే అది 2 శాతం. ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన దాచుకునే ఎన్నారై ఖాతా) ఫిక్స్‌డ్ డిపాజిట్ అంతకంటే ఎక్కువిస్తుంది, ఆ వడ్డీకి ఇక్కడ పన్ను కూడా లేదు.

బ్రోచర్లో రీజినల్ రింగ్ రోడ్డు (హైదరాబాద్ చుట్టూ ప్రతిపాదించిన పెద్ద రోడ్డు) పేరు తప్పకుండా కనిపిస్తుంది. చౌటుప్పల్, ఆమనగల్, షాద్‌నగర్ వైపు వచ్చే ప్రతి వెంచరూ దానికి "అయిదు నిమిషాలే". (ఆ నిమిషాలు అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద కొలిచినవి.) దగ్గరగా ఉందా అన్నదానికంటే, ఆ సర్వే నంబరు భూసేకరణలో పోతుందా అన్నది ముందు చూడాలి. ఉదండాపూర్ లాంటి రిజర్వాయర్ల ముంపు, కాలువల సేకరణ గురించి కూడా తహసీల్దార్ ఆఫీసులో సర్వే నంబరుతో అడిగించండి.

ఎక్కువమంది ఇరుక్కునేది వ్యవసాయ భూమి దగ్గర. ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనల ప్రకారం ఎన్నారైలు, ఓసీఐలు (వేరే దేశ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లు) ఇళ్లు, ఇంటి స్థలాలు, వాణిజ్య ఆస్తులు కొనవచ్చు. సాగు భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నా ఉద్యోగం మీద గల్ఫ్‌కి వెళ్లినవాళ్లకు కూడా ఈ నిషేధం ఉంది. "గుంటల్లో ఇస్తాం, మామిడి మొక్కలు మేమే పెంచుతాం" అని అమ్మే ఫార్మ్ ప్లాటు ప్రభుత్వ రికార్డులో సాగు భూమే, దానికి లేఅవుట్ అనుమతి లేదు, రేపు ఇల్లు కడతామన్నా అనుమతి రాదు. మీ డబ్బుతో తమ్ముడి పేరు మీద కొందామనే ఉపాయం మరీ ప్రమాదం, అది బినామీ అవుతుంది. భార్య, పిల్లల పేరు మీద లెక్క చూపగల సొమ్ముతో కొంటే బినామీ చట్టం మినహాయిస్తుంది. అన్నదమ్ముల విషయంలో కొనుగోలు పత్రంలో మీ పేరు కూడా ఉంటేనే ఆ మినహాయింపు. సాగు భూమిలో మీ పేరు పెట్టలేరు, అంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

కాగితాల్లో మొదటిది ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి చూడవచ్చు. ప్లాటు నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఇంకోసారి వెతకండి, ఎందుకంటే లేఅవుట్ కాకముందు జరిగిన అమ్మకాలు సర్వే నంబరు కింద ఉంటాయి. చాలామంది వదిలేసేది ఇంకొకటుంది. 2020 నవంబరు నుంచి సాగు భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ దగ్గర ధరణి అనే పోర్టల్‌లో జరిగాయి, అవి సబ్‌రిజిస్ట్రార్ ఈసీలో కనపడవు. ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతి పోర్టల్‌లో ఆ ఈసీని విడిగా తీయాలి. దానితోపాటు నాలా మార్పిడి (సాగు భూమిని ఇతర అవసరాలకు మార్చిన) ఉత్తర్వు ఎకరం, గుంటలతో సరిపోయిందో చూడండి. ఎకరం 40 గుంటలు, గుంట 121 గజాలు. ఆ లెక్కలో రోడ్లు, పార్కు తీసేశాక ఎన్ని గజాలు అమ్మవచ్చో మీకే తెలుస్తుంది. అంతకు మించి ప్లాట్లు ఉంటే ఎక్కడో రోడ్డో పార్కో మాయమైంది.

లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), పాత పహాణీలు (సాగు రికార్డులు) లాయరు చేత చదివించండి. వాటిలో లావుణి పట్టా, ఇనాం, భూదాన్, వక్ఫ్, శిఖం (చెరువు గర్భం), సీలింగ్ (పరిమితికి మించిందని ప్రభుత్వం తీసుకున్న భూమి) అన్న మాటల్లో ఏదైనా కనిపిస్తే అది తేలేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు. లావుణి పట్టా అంటే ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూమి, 1977 చట్టం కింద అమ్మకం చెల్లదు, ఎన్ని చేతులు మారినా అంతే. భూదానోద్యమం 1951లో పోచంపల్లిలోనే మొదలైంది కాబట్టి ఉమ్మడి నల్గొండలో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్టర్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో అదే రోజు చూడవచ్చు. చెరువులో మునిగే భూమా కాదా అన్నది గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు వెనక్కి తిప్పితే బయటపడుతుంది, వానలు బాగా పడిన ఏడాది చూడండి. తాత ఆస్తి అయితే ఆడబిడ్డల సంతకాలు అడగండి. కొడుకులు మాత్రమే సంతకం పెట్టిన దస్తావేజు మీద కేసు వస్తే అమెరికా నుంచి వాయిదాలకు తిరగడం మీ వంతవుతుంది.

లేఅవుట్‌కి డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) ఇచ్చిన ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు ఉంటే అది తాత్కాలికమా, ఫైనలా అని అడగండి. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు మున్సిపాలిటీకో పంచాయతీకో తనఖాలో ఉంటాయి, మీ నంబరు ఆ జాబితాలో ఉండకూడదు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి, అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందు 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టమే చెబుతోంది. ప్రీలాంచ్ పేరుతో మొత్తం కట్టమంటే ఫోన్ పెట్టేయండి. పాత అనుమతి లేని ప్లాటయితే ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద వచ్చిన క్రమబద్ధీకరణ ఉత్తర్వు చూపమనండి. 2020లో వెయ్యి కట్టిన రసీదు దరఖాస్తు మాత్రమే.

డబ్బు ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ (ఇండియాలో వచ్చే ఆదాయానికి వాడే ఎన్నారై ఖాతా) లాంటి మీ ఖాతా నుంచి బ్యాంకు ద్వారానే వెళ్లాలి. మామయ్య ఖాతాకి పంపి ఆయన నగదుగా ఇస్తే, అమ్మాక ఆ సొమ్మును బయటికి తీసుకెళ్లేటప్పుడు ఆధారం ఉండదు. కొంత బ్లాక్‌లో ఇవ్వమంటే, దస్తావేజులో తక్కువ చూపిన ధరకే రేపు మీ లాభం లెక్కకడతారు, పన్ను మీకే పడుతుంది. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్, అంటే అమ్మేవాళ్ల పన్ను, వాళ్లకిచ్చే డబ్బులోంచి కొనేవాళ్లే కోసి కట్టాలి. అమ్మేవాళ్లు కూడా ఎన్నారై అయితే ఆ పరిమితీ లేదు, 1 శాతమూ సరిపోదు. దీర్ఘకాల లాభం రేటు 12.5 శాతం, దానిపై సర్‌చార్జి, సెస్. తక్కువ కోతకు ఆదాయపన్ను శాఖ ఇచ్చిన సర్టిఫికెట్ వాళ్ల దగ్గర లేకపోతే మొత్తం ధర మీద కోయడమే క్షేమం. కోయకపోతే నోటీసు వచ్చేది కొన్నవాళ్లకి.

రాలేకపోతే ఆ ఒక్క ప్లాటు కొనుగోలుకే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి, అమ్మే, తనఖా పెట్టే అధికారం అందులో రాయకండి. ఇండియన్ ఎంబసీ లేదా కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపితే, అది ఇక్కడికి చేరిన 3 నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టించాలి. గడువు దాటిన కాగితాన్ని సబ్‌రిజిస్ట్రార్ పక్కన పెడతారు, రిజిస్ట్రేషన్ స్లాటు పోతుంది.

రిజిస్ట్రేషన్ అయిన వారంలో సర్వేయర్‌తో కొలిపించి నాలుగు మూలలా రాళ్లు పాతించండి, ప్రీకాస్ట్ గోడ పెట్టించి పేరు, సర్వే నంబరు, ప్లాటు నంబరు రాయించండి. మున్సిపాలిటీలో ఉంటే ఖాళీ స్థలం పన్ను మీ పేరుకి మార్పించి ఏటా కట్టండి. ఆరు నెలలకోసారి లొకేషన్, తేదీ పడేలా ఫోటోలు తెప్పించుకోండి, ఈసీ కూడా అప్పుడే ఒకసారి తీయండి.