పీఎఫ్‌ఓఎస్ నీటిలో పారమీషియం వెనకీతను కొలవడం

పారమీషియం అనే ఏకకణ జీవి మెలికలు తిరుగుతూ ముందుకు ఈదుతుంది. దేనికైనా తగిలితే క్షణంపాటు వెనక్కి జరిగి, పక్కకు తిరిగి మళ్లీ సాగిపోతుంది. పీఎఫ్‌ఓఎస్ అనే ఫ్లోరిన్ రసాయనం కలిపిన నీటిలో మాత్రం వెనక్కే ఈదుతూ ఉంటుంది. శైలికల్లోకి (ఈదడానికి వాడే సన్నటి వెంట్రుకల్లాంటివి) కాల్షియం చేరితే అవి కొట్టుకునే దిశ మారిపోతుంది. 2006లో జపాన్ పరిశోధకులు పారమీషియం కాడేటం అనే జాతిపై ఇదే చూపారు. కాల్షియం చానెల్ (కాల్షియం లోపలికి వచ్చే దారి) లోపించిన రకాల్లో ఈ స్పందన రాలేదు.

ఇది ప్రయోగశాలలోనే, గ్లౌజులు వేసుకుని చేయాల్సిన పని.

లీటరు నీటిలో 10 గ్రాముల వరిగడ్డి మరిగించి, వడగట్టి, ఒకరోజు ఉంచాక పారమీషియం వేసి పెంచండి. 1 మిల్లీమోలార్ (గాఢత కొలమానం) చొప్పున కాల్షియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్, ట్రిస్ (పీహెచ్ మారకుండా ఉంచే పదార్థం) ఉన్న బఫర్‌లోకి (పీహెచ్ 7.2) కణాలను మార్చి అరగంట కుదురుకోనివ్వండి.

పీఎఫ్‌ఓఎస్ పొటాషియం లవణం 27 మిల్లీగ్రాములు 100 మి.లీ. స్వేదనజలంలో కరిగిస్తే 0.5 మిల్లీమోలార్ వస్తుంది. ఇందులో 2 మి.లీ., అయిదు రెట్లు చిక్కటి బఫర్ 2 మి.లీ., నీళ్లు 6 మి.లీ. కలిపితే 100 మైక్రోమోలార్. ఇలాగే 30, 10 మైక్రోమోలార్ ద్రావణాలు కూడా చేసుకోండి. సీసాను గట్టిగా కుదపొద్దు: ఇది సబ్బులాంటి పదార్థం, నురగలోకి చేరి నీటిలో తగ్గిపోతుంది. గాజుకూ అంటుకుంటుంది, కాబట్టి పాలీప్రొపిలీన్ గొట్టాలే వాడండి. టెఫ్లాన్ మూతలు వద్దు. వాటి నుంచే ఫ్లోరిన్ రసాయనాలు దిగొచ్చు.

పది కణాలను 20 మైక్రోలీటర్లలో తీసి 1 మి.లీ. ద్రావణంలోకి వదిలి, 20 రెట్ల డిసెక్టింగ్ మైక్రోస్కోప్ కింద స్టాప్‌వాచ్ నొక్కండి. ప్రతి కణం మళ్లీ ముందుకు తిరిగేదాకా సెకన్లు రాసుకోండి. మొదటి రెండు సెకన్ల వెనకీత పిపెట్ కుదుపు వల్లే కావచ్చు, లెక్కలోకి తీసుకోవద్దు.

అసలు తప్పులు కంట్రోళ్ల (పోల్చి చూసే నమూనాల) దగ్గరే జరుగుతాయి. పొటాషియం ఒక్కటే ఎక్కువైనా కణం వెనక్కి ఈదుతుంది. అందుకే లవణంతో వచ్చినంత పొటాషియం క్లోరైడ్ మాత్రమే కలిపిన గొట్టం ఒకటి తప్పనిసరి. 20 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్‌లోనూ వెనక్కి ఈదకపోతే ఆ కణాలు పరీక్షకు పనికిరావు. పీఎఫ్‌ఓఏతో (ఇలాంటిదే మరో ఫ్లోరిన్ రసాయనం) చేస్తే అది ఆమ్లం, ముందు పీహెచ్ సరిచేయండి.

తర్వాత కణాలను శుభ్రమైన బఫర్‌లోకి మార్చండి. ముందుకు ఈదితే అది ప్రవర్తనలో మార్పే. పొర బుడగలెత్తి కణం పగిలితే విషప్రభావం, దాన్ని విడిగా రాయండి. నదుల్లో ఈ రసాయనం సాధారణంగా లీటరుకు నానోగ్రాముల్లోనే ఉంటుంది, ఇక్కడ మిల్లీగ్రాములు. ఫలితాన్ని నేరుగా చెరువుకు అన్వయించొద్దు.

మిగిలిన ద్రావణాన్ని సింకులో పోయకండి. ఆటోక్లేవ్‌కు (ఆవిరి ఒత్తిడితో వేడిచేసే యంత్రం) కూడా ఇది విచ్ఛిన్నం కాదు. ప్లాస్టిక్ డబ్బాలో పేరు రాసి, రసాయన వ్యర్థాలకు అప్పగించండి.