మౌత్‌పీస్ లోహం మారితే శబ్దం మారుతుందా? మీరే తేల్చుకోవడం ఎలా?

ట్రంపెట్ వాయించేవాళ్లు ఇద్దరు కలిస్తే మౌత్‌పీస్ (పెదవులు ఆనించి ఊదే ముక్క) మాట రాక మానదు. వెండి పూతది ఖంగుమంటుందని ఒకరు, బంగారు పూతది మెత్తగా పలుకుతుందని ఇంకొకరు. డబ్బులు పెట్టే ముందు ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. ట్రాంబోన్‌కైనా, ట్యూబాకైనా ఇదే పద్ధతి.

ట్రంపెట్ లాంటి బ్రాస్ వాద్యంలో ప్రధానంగా మోగేది లోహం కాదు, లోపలి గాలి. పెదవుల అదురే దాన్ని మోగిస్తుంది. అందుకే కప్పు (మౌత్‌పీస్‌లో గిన్నెలాంటి భాగం) లోతు, థ్రోట్ (కప్పు అడుగున ఉండే ఇరుకు రంధ్రం) వెడల్పు, బ్యాక్‌బోర్ (ఆ రంధ్రం తర్వాత వెడల్పయ్యే లోపలి దారి) ఆకారం, వీటిదే పెత్తనం. చాలా ట్రంపెట్ మౌత్‌పీస్‌లలో థ్రోట్ 3.66 మి.మీ. దగ్గర ఉంటుంది. దాన్ని కొంచెం పెద్దది చేసినా ఊదే తీరు మారిపోతుంది. పూత మందమా, మైక్రాన్లలో లెక్క!

1. ఒకే కంపెనీ ఒకే మోడల్‌ని రెండు లోహాల్లో చేసినవి సంపాదించండి. అరువైనా సరే. ఒకరి ఇత్తడి 7సీని (7సీ అనేది సైజు పేరు) ఇంకొకరి ప్లాస్టిక్ 7సీతో పోలిస్తే లాభం లేదు. అంకె ఒకటే గానీ కొలతలు ఒకటి కావు.

2. షాంక్ (మౌత్‌పీస్‌లో వాద్యంలోకి దూరే కాడ) ఎంత లోతుకి దిగుతోందో చూడండి. మౌత్‌పీస్ బిగించి, రిసీవర్ (కాడ దూరే వాద్యం గొట్టం) అంచు దగ్గర పెన్సిల్‌తో సన్నగా గీత పెట్టి, బయటికి తీసి స్కేలుతో కొలవండి. రెండోదానికీ అంతే. గీతల్లో ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా లోపల మిగిలే ఖాళీ మారుతుంది. అప్పుడు మీరు వినేది ఆ ఖాళీ తేడా కావచ్చు. చాలామంది వదిలేసేది ఇక్కడే.

3. రెండింటినీ కాసేపు జేబులో ఉంచి వెచ్చబరచండి. చల్లటి ఇత్తడి పెదవిలోని వేడిని చప్పున లాగేస్తుంది. స్టీల్ అంతకంటే నెమ్మది, ప్లాస్టిక్ లాగదన్నట్టే. పెదవి బిగుసుకుంటే వచ్చే శబ్దాన్ని లోహం గుణం అనుకుని మోసపోతాం. వాద్యాన్ని కూడా పది నిమిషాలు ఊది వేడెక్కించండి. లోపలి గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) పెరుగుతుంది.

4. ఫోన్‌ని 3 మీటర్ల దూరంలో కదలకుండా పెట్టి రికార్డు చేయండి. మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పెంచి మళ్లీ తగ్గించే ఒక పొడవాటి స్వరం, ఒక లిప్ స్లర్ (నాలుక కొట్టకుండా పెదవులతోనే స్వరం మార్చడం), కొన్ని కింది స్వరాలు చాలు. ఏ మౌత్‌పీస్ వాడాలో ప్రతిసారీ బొమ్మా బొరుసూ వేసి తేల్చండి. ఇలా 10 సార్లు.

5. ఇంకొకరితో ఫైళ్ల పేర్లు మార్పించి, మర్నాడు విని, ఏది ఏదో చెప్పండి. 10కి 8 సరిగ్గా వచ్చాయని మురిసిపోకండి. గుడ్డిగా ఊహించినా 8 లేదా అంతకంటే ఎక్కువ కుదిరే అవకాశం సుమారు 18లో ఒకటి. 9 వస్తే నమ్మొచ్చు.

6. ఇది నాకు బాగా నచ్చిన పరీక్ష. పిల్లలు ఆడుకునే క్లేని కప్పు బయట చుట్టూ మందంగా అద్ది వాయించండి. లోహం అదే, బరువు మాత్రమే పెరిగింది. స్వరం గట్టిగా కుదురుకున్నట్టు మీకు అనిపించి, రికార్డింగులో ఏమీ తేలకపోతే ఆశ్చర్యపోకండి. మౌత్‌పీస్ అదురు పళ్ల మీదుగా, దవడ ఎముక మీదుగా మీ చెవికి చేరుతుంది. ఎదుట కూర్చున్నవాళ్లకి ఆ దారి లేదు. అలాగని మీ అనుభూతి అబద్ధం కాదు. హాయిగా అనిపించినదాంతో ధైర్యంగా వాయిస్తారు, అది వినేవాళ్లకీ తెలుస్తుంది.

7. తేడా దొరకకపోతే చర్మాన్ని బట్టి ఎంచుకోండి. వెండి పడనివాళ్లకి బంగారు పూత, చలిలో ఆరుబయట వాయించేవాళ్లకి ప్లాస్టిక్. నికెల్ పడనివాళ్లు స్టీల్ తీసుకునే ముందు ఆలోచించాలి, అందులో సాధారణంగా నికెల్ ఉంటుంది. రిమ్ (పెదవి ఆనే అంచు) మీద వెండి అరిగి కింది ఇత్తడి పసుపు రంగు కనిపిస్తుంటే మాత్రం అది శబ్దం సంగతి కాదు. ఇత్తడిలో కొద్దిగా సీసం కలిసి ఉండొచ్చు. మళ్లీ పూత వేయించేదాకా దాన్ని పెదవికి తగలనివ్వకండి.