రోహిణి కార్తెలోపే రోజిన్ సంగతి చూసుకోండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మేం ఫినాయిల్ తయారీలో వాడే రోజిన్ మాత్రం పగలదు, అతుక్కుంటుంది. పోయినేడాది శివరాత్రి దాటగానే రేటు తక్కువుందని ఎనిమిది బస్తాలు ఒకేసారి దింపించి, మడికొండ దగ్గర మా రేకుల షెడ్డులో గోడకు ఆనించి పేర్చాం. మే నెల మధ్యలో ఫినాయిల్ బ్యాచ్ పెడదామని బస్తా విప్పమంటే, మా దగ్గర పనిచేసే పిల్లాడు "అక్కా, సంచి ఊడుతలేదు, లోపలంతా బండయింది, గడ్డపార తేవాల్నా?" అన్నాడు. కొడితే సంచి పీచులతో సహా పెళ్లలు లేచాయి. లేత తేనె రంగులో గాజులా ఉండాల్సిన సరుకు పైనంతా డికాషన్ రంగుకు తిరిగింది. అమ్మినాయన తప్పేం లేదు, ఆయన మంచి సరుకే ఇచ్చాడు. పాడు చేసుకున్నది మేమే.

అసలు సంగతేంటంటే, పైన్ చెట్టుకు గాటు పెట్టి తీసిన బంకను కాచి, టర్పెంటైన్‌ను ఆవిరిగా వేరు చేశాక అడుగున మిగిలేదే రోజిన్. మన దేశంలో హిమాచల్, ఉత్తరాఖండ్ అడవుల్లోని చీర్ పైన్ చెట్ల నుంచి వస్తుంది, బయటి దేశాల సరుకూ దొరుకుతుంది. అందులో ఎక్కువ భాగం అబియటిక్ ఆమ్లం, దాని చుట్టాలు. వీటికి గాలిలోని ఆక్సిజన్ అంటే మహా ఆకలి. ఆక్సిజన్ పట్టేకొద్దీ రంగు ముదురుతుంది, వాసన మారుతుంది, కరిగే గుణం తగ్గుతుంది. వేడి తోడైతే ఇదంతా ఇంకా వేగంగా జరుగుతుంది.

మెత్తబడే వేడి 70–80 డిగ్రీలని సరుకు కాగితంలో చూసి చాలామంది ధైర్యంగా ఉంటారు. నేనూ అలాగే ఉన్నాను. కానీ అంతకు చాలా ముందే, నలభై దాటిందంటే, పైన బరువు ఉంటే రోజిన్ మెల్లగా సాగి పక్కదానికి అతుక్కుంటుంది. బయట 44 ఉన్న రోజు రేకుల కింద ఎంత ఉంటుందో మధ్యాహ్నం రెండింటికి షెడ్డులో నిలబడితే తెలుస్తుంది. అందుకే ఈసారి మార్చిలోనే సరుకును వెనకాల పెంకుటింటి గదికి మార్చాం. కింద చెక్క పలకలు, మూడు బస్తాల కన్నా ఎత్తు లేదు, గోడకు జానెడు దూరం. ఎండాకాలం మూడు నెలలూ ఏ నెలకానెల తెచ్చుకుంటే రవాణా ఖర్చు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఖాళీగా ఉన్నాం కదా అని ముందే పొడి కొట్టి పెట్టుకోవద్దు. గడ్డకు గాలి పైపైనే తగులుతుంది, పొడికి ప్రతి రేణువుకూ తగులుతుంది. పైగా రోజిన్ దుమ్ము గదిలో లేచి ఉన్నప్పుడు నిప్పురవ్వ పడితే భగ్గుమని పేలుతుంది. బ్యాచ్ రోజునే నిమ్మకాయంత ముక్కలుగా కొట్టుకుంటే చాలు.

కాచేటప్పుడు బెల్లం పాకం గుర్తుంచుకోండి. మంట ఎక్కువైనా, ఎక్కువసేపు పొయ్యి మీదున్నా ముదిరిపోతుంది, రోజిన్ కూడా అంతే. కరిగి పల్చబడగానే దించాలి, ఉడకబెట్టే పని లేదు. ఇనుప మూకుడులో కాస్తే ఇనుము తగిలి రంగు నల్లబడుతుంది. అల్యూమినియం గిన్నె అసలే వద్దు, రోజిన్‌ను సబ్బుగా మార్చడానికి తర్వాత పోసే కాస్టిక్ సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది. స్టీలు గిన్నె, మూత, సన్నని సెగ. గిన్నె సగం దాకే నింపండి. మూత కింద గాలి తక్కువ ఉంటే రంగు నిలుస్తుంది, ఒకవేళ మంట అంటుకున్నా అదే మూత ఆర్పుతుంది. కరిగిన రోజిన్ అంటుకుంటే నీళ్లు కొట్టొద్దు, మంట ఎగిరి మీద పడుతుంది. ఇసుక బకెట్టు, మంటలార్పే పొడి రకం సిలిండరు చేతికందేంత దూరంలో పెట్టుకోండి. ఒంటి మీద పడితే లాగి పీకవద్దు, చర్మం ఊడి వస్తుంది. ఇరవై నిమిషాలు పారే నీళ్ల కింద పెట్టి, అలాగే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

టర్పెంటైన్ డబ్బా గురించి ఒక మాట. దాని ఆవిరి నిప్పు అందుకోవడానికి 35 డిగ్రీల చుట్టుపక్కల వేడి చాలు. అంటే మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో నీడలో ఉన్న డబ్బా కూడా అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. పొయ్యి ఉన్న గదిలో ఉండకూడదు, మూత వదులుగా ఉండకూడదు.

కాస్టిక్ కలిపేటప్పుడు కళ్లద్దాలు, రబ్బరు గ్లవుజులు తప్పనిసరి. సోడాను నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోస్తే చిమ్ముతుంది. మోతాదు అంచనాతో వేయొద్దు. ఆసిడ్ విలువ (సరుకులో ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె) 165 ఉన్న రోజిన్ కిలోకు దాదాపు 118 గ్రాముల కాస్టిక్ పడుతుంది. ఆముదం కూడా కలిపితే దాని లెక్క వేరే, కిలోకు సుమారు 128 గ్రాములు. తక్కువైతే రోజిన్ సబ్బుగా మారక సీసా అడుగున పేరుకుంటుంది, ఎక్కువైతే వాడేవాళ్ల చేతులు మండుతాయి.

ఎండాకాలంలో వచ్చే ఇంకో తంటా నీళ్లది. బోరు లోతుకు పోయేకొద్దీ మా దగ్గర నీళ్లు గట్టిపడతాయి, బిందె అడుగున తెల్లగా గార కడుతుంది. ఆ కాల్షియం, మెగ్నీషియం రోజిన్ సబ్బును పట్టి విరగ్గొడతాయి. తెల్లగా ఉండాల్సిన ఫినాయిల్ పాలు విరిగినట్టు పెళ్లలు కట్టి, నూనె పైకి తేలుతుంది. మేం బ్యాచ్‌కు ముందు గ్లాసు నీళ్లలో కొంచెం ఫినాయిల్ కలిపి రాత్రంతా వదిలేస్తాం. పొద్దున పొర కడితే ఆ నీళ్లు వద్దు, ఆర్వో నీళ్లు తెచ్చుకుంటాం.

సెంటు పోస్తే వాసన సమస్య పోతుందనుకోకండి. పాత రోజిన్ కమురు వాసన వారం తర్వాత మళ్లీ బయటికొస్తుంది. తెల్లబరచాలని బ్లీచింగ్ కలపడం పిచ్చి పని, అందులో ఆసిడ్ ఏదైనా తగిలితే క్లోరిన్ విషవాయువు లేస్తుంది. రంగు మారకుండా ఉండేలా హైడ్రోజన్ పట్టించిన రోజిన్ దొరుకుతుంది, ధర ఎక్కువ. వ్యాక్సు, గమ్ము చేసేవాళ్లకు అది పనికొస్తుంది. నేలలు తుడిచే ఫినాయిల్‌కు దండగని నా అభిప్రాయం.

రోజిన్ పొగ పీల్చి పీల్చి దగ్గు, ఆయాసం పట్టుకున్నవాళ్లు, చేతులకు దద్దుర్లు వచ్చేవాళ్లు ఉంటారు. రోజిన్ పడని శరీరాలు ఉంటాయి, అలాంటివాళ్లను పొయ్యి దగ్గర పెట్టకండి.

ప్రతి లాటు నుంచి ఒక ముక్క తీసి, తేదీ రాసి, గాజు సీసాలో బీరువాలో దాచండి. కొత్త సరుకు వస్తే రెండింటినీ పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి, ట్యూబులైటు కింద అన్నీ ఒకేలా కనబడతాయి. పోయినేటి గడ్డపార పెళ్లలు మా దగ్గర ఇంకా రెండు బస్తాలున్నాయి. నల్ల ఫినాయిల్ చేసే ఒకాయన అడిగాడు, సగం రేటుకు ఇస్తానన్నాను.